బ్లడ్ బ్యాంకు దగ్గర కలిసిన బావామరదళ్ళు: ఒక మేనరికం పెళ్ళి కేస్ స్టడీ

నేను హైదరాబాద్‌లో జెనెటిక్ కౌన్సెలర్‌ని. నా దగ్గరికి వచ్చే దంపతుల్లో ఎక్కువమంది బిడ్డకు జబ్బు బయటపడ్డాక వస్తారు. పెళ్ళికి ముందే, ఇద్దరూ కలిసి, చేతిలో రిపోర్టులు పట్టుకుని వచ్చేవాళ్ళు చాలా తక్కువ. ఈ జంట అలా వచ్చింది, తలసేమియా అనే, తల్లిదండ్రుల నుంచి బిడ్డకి వచ్చే రక్త సంబంధమైన జబ్బు రిపోర్టులతో. ఈ కేసు రాయడానికి వాళ్ళిద్దరూ ఒప్పుకున్నారు. పేర్లు రాయను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. వాళ్ళ ఇంటి వరసలతోనే చెబుతాను: బావ, మరదలు.

వచ్చిన ప్రతి జంటనూ నేను మొదట అడిగేది ఒకటే, "మీరిద్దరూ ఎలా కలిశారు?" అని. కాలక్షేపానికి అడగను. పుట్టినప్పుడే పెద్దలు అనుకున్న పెళ్ళి అయితే, రిపోర్టు తేడాగా వచ్చిన రోజు నిర్ణయం పెద్దల చేతుల్లోకి వెళ్ళిపోతుంది. ఇద్దరూ ఇష్టపడి కలిసినవాళ్ళయితే నిర్ణయం వాళ్ళ చేతుల్లో ఉంటుంది, బరువూ వాళ్ళ మీదే ఉంటుంది. ఎవరితో ఎలా మాట్లాడాలో ఆ జవాబును బట్టే నాకు తెలుస్తుంది. ఈ జంట కథ రెండింటికీ మధ్యలో ఉంది.

కలిసిన తీరు

బావ తల్లీ, మరదలి తండ్రీ అక్కాతమ్ముళ్ళు. నరసాపురం దగ్గర పల్లె. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. బావకి అది అమ్మమ్మ ఇల్లు, మరదలికి నాన్నమ్మ ఇల్లు. "నీ పెళ్ళాం వచ్చిందిరా" అని వీధి అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఆటపట్టిస్తే ఆ పిల్ల ఏడ్చి ఇంట్లోకి పారిపోయేదట. ఆ రోజుల్లో తనకి బావ అంటే చిరాకేనని, ప్రేమ లాంటిదేమీ లేదని ఆమె నాతో గట్టిగా చెప్పింది.

తర్వాత అర ఎకరం దగ్గర గొడవ వచ్చింది. పసుపు కుంకుమ కింద అక్కకి ఇస్తామన్న పొలం రాసివ్వలేదు. తొమ్మిదేళ్ళు రెండు కుటుంబాల మధ్య మాటల్లేవు. పెళ్ళిళ్ళలో ఎదురుపడినా తలలు తిప్పుకునేవాళ్ళు. పిల్లలు ఆ తొమ్మిదేళ్ళలో పెద్దవాళ్ళయ్యారు. బావ పుణెలో ఒక కంపెనీలో చేరాడు, మరదలు భీమవరంలో బ్యాంకు ఉద్యోగి అయింది.

ఒకరోజు ముసలావిడ, అంటే బావకి అమ్మమ్మ, మరదలికి నాన్నమ్మ, బాత్‌రూమ్‌లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. విజయవాడ తీసుకెళ్ళారు. ఆపరేషన్‌కి ముందు రక్తం ఎక్కించాలన్నారు, ఇంటివాళ్ళు వచ్చి ఇవ్వమన్నారు. తెల్లారేసరికి రెండు వైపులవాళ్ళూ వచ్చారు. కారిడార్‌లో ఆ గోడకి వాళ్ళు, ఈ గోడకి వీళ్ళు.

బ్లడ్ బ్యాంకు దగ్గర క్యూలో బావ ముందు, మరదలు వెనక. రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. బావకి 13.1 ఉంది, తీసుకున్నారు. మరదలికి 10.9. "మీకే రక్తం తక్కువగా ఉందమ్మా" అని వెనక్కి పంపేశారు. ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. "నాన్నమ్మకి నా రక్తం కూడా పనికిరాలేదే" అన్నది ఆ ఏడుపు. రక్తం ఇచ్చినవాళ్ళకి ఇచ్చే జ్యూస్ ప్యాకెట్టూ బిస్కెట్లూ బావ తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. తొమ్మిదేళ్ళ తర్వాత వాళ్ళ మధ్య నడిచిన మొదటి మాట, "తాగు, నువ్వే పడిపోయేలా ఉన్నావు."

ముసలావిడ ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడరు కాబట్టి రాత్రి కాపలా పిల్లలకి పడింది. నాకు ఈ కేసులో అన్నిటికన్నా నచ్చిన భాగం ఈ పదకొండు రాత్రులే. అమ్మమ్మకి బెడ్‌పాన్ పెట్టాల్సి వస్తే బావ ఆయాని పిలవకుండా తనే పెట్టి, తనే కడిగేవాడు. మరదలు అది చూసింది. మందుల బిల్లులు, ఆటో ఖర్చు, టీ ఖర్చు అన్నీ ఆమె ఒక నోట్‌బుక్‌లో సగం సగంగా రాసేది, ఇంటికెళ్ళాక పెద్దవాళ్ళు దీనిమీద కూడా కొట్లాడుకోకూడదని. బావ అది చూశాడు. ఉద్యోగం పోయి మూడు నెలలైందని, ఇంట్లో చెప్పలేదని ఆరో రాత్రి ఆమెకి చెప్పాడు. అప్పటిదాకా ఆ మాట ఎవరికీ తెలియదు.

ముసలావిడ ఇంటికొచ్చాక ఫోన్లు ఆగలేదు. ఏడాది తిరిగేసరికి బావ విశాఖలో కొత్త ఉద్యోగంలో చేరి, ఇంట్లో చెప్పేశాడు. విచిత్రంగా పెద్దవాళ్ళు సంతోషించారు. మేనరికం కదా, తెగిన సంబంధం మళ్ళీ కలుస్తుందనుకున్నారు. హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల పెళ్ళిని ఒప్పుకోకపోయినా, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇస్తుంది. మన దగ్గర మేనమామ కూతురితో, మేనత్త కొడుకుతో పెళ్ళి ఆ ఆచారం కిందికే వస్తుంది. కాబట్టి చట్టపరంగానూ అడ్డు లేదు.

రిపోర్టులు

బ్లడ్ బ్యాంకు వాళ్ళు చెప్పాక మరదలు ఆరు నెలలు ఐరన్ మాత్రలు మింగింది. హిమోగ్లోబిన్ కదల్లేదు. ఇది నేను చాలా తరచుగా చూసేదే. మన ఇళ్ళలో ఆడపిల్లకి రక్తం తక్కువంటే బీట్‌రూట్, ఖర్జూరం, ఐరన్ మాత్ర, అంతే. ఆమె సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) రిపోర్టులో ఎర్ర రక్తకణాల సంఖ్య 56 లక్షలు. అంటే తక్కువేమీ కాదు, కాస్త ఎక్కువే. కానీ కణం సైజు, ఎంసీవీ అని రాస్తారు, 62 మాత్రమే. 80 పైన ఉండాలి. కణాలు బోలెడున్నాయి, కానీ ఒక్కోటీ చిన్నది. ఐరన్ లోపంలో సాధారణంగా కణాల సంఖ్య కూడా తగ్గుతుంది. ఎంసీవీని కణాల సంఖ్యతో (పది లక్షల లెక్కన) భాగిస్తే 13 కంటే తక్కువ వస్తే తలసేమియా మైనర్ అని అనుమానించాలి. ఈమెకి 11 వచ్చింది. ఏ ల్యాబ్ రిపోర్టుతోనైనా ఇంట్లోనే వేసుకోగల లెక్క ఇది. అయితే అనుమానానికే పనికొస్తుంది, నిర్ధారణకు కాదు.

ఒక ఫిజీషియన్ గమనించి హెచ్‌పీఎల్‌సీ పరీక్ష రాశారు. రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే పరీక్ష అది. వాటిలో హెచ్‌బీఏ2 అనే రకం మామూలుగా 3.5 శాతం లోపు ఉంటుంది. ఆమెకి 5.4 వచ్చింది. బీటా తలసేమియా మైనర్. అంటే 11వ క్రోమోజోమ్ మీద ఉండే, హిమోగ్లోబిన్ తయారీకి కావలసిన జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి సరిగా పనిచేయదు. దీంతో మనిషికి జబ్బేమీ ఉండదు. కాస్త రక్తం తక్కువగా కనిపిస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. మనదేశంలో నూటికి ముగ్గురు, నలుగురు ఇలాంటి క్యారియర్లే. "పెళ్ళి చేసుకునేటప్పుడు అబ్బాయికి కూడా ఈ టెస్టు చేయించు" అన్నారట ఆ డాక్టరు.

ఆ మాట ఆమె నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే అబ్బాయి ఎవరో అప్పటికే తెలుసు. చివరికి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు గోదావరి గట్టు మీద బావకి చెప్పింది. అతను మర్నాడే భీమవరంలో రక్తం ఇచ్చాడు. హిమోగ్లోబిన్ 13.1, ఎంసీవీ 66, హెచ్‌బీఏ2 5.1. అతనూ క్యారియరే. అప్పటికి నిశ్చితార్థానికి ఇరవై రోజులుంది.

నేను చేసిన తప్పు

మొదటి అపాయింట్‌మెంట్‌కి వాళ్ళతోపాటు రెండు వైపుల పెద్దవాళ్ళూ వచ్చారు, మొత్తం ఆరుగురు. నేను అందరినీ లోపలికి రమ్మన్నాను. అలా చేయకూడదు. ముందు జంటతో విడిగా కూర్చుని, వాళ్ళకి అర్థమయ్యాక, పెద్దవాళ్ళకి ఏది ఎంతవరకు చెప్పాలో వాళ్ళనే అడగాలి. ఆ రోజు నాకు టైమ్ లేదు, పెద్దవాళ్ళు దూరం నుంచి వచ్చారన్న మొహమాటం కూడా ఉంది.

కాగితం మీద నాలుగు గళ్ళు గీసి చూపించాను. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డ ఈ లోపం అసలే లేకుండా పుట్టే అవకాశం, నాలుగింట రెండు వంతులు తల్లిదండ్రుల్లాగే క్యారియర్ అయ్యే అవకాశం, నాలుగింట ఒక వంతు తలసేమియా మేజర్ వచ్చే అవకాశం. మేజర్ అయితే ఏడాది, రెండేళ్ళలోపే బిడ్డ పాలిపోతుంది. రెండు నుంచి నాలుగు వారాలకోసారి జీవితాంతం రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఐరన్ గుండెలో, కాలేయంలో పేరుకోకుండా రోజూ మందు వాడాలి. బోన్‌మ్యారో మార్పిడి ఉంది గానీ సరిపోయే దాత దొరకాలి, ఖర్చు భరించాలి.

నేను ఈ మాటలు చెబుతుంటే గదిలో ఇంకోటి జరుగుతోంది. బావ తల్లి లేచింది. "అయితే మా పుట్టింటి రక్తమే పాడైందంటారా?" మరదలి తండ్రి అందుకున్నాడు. "సంబంధం వద్దనుకుంటే మొహం మీద చెప్పొచ్చుగా అక్కా, మా పిల్లకి రోగం అంటగట్టడం దేనికి?" బావ తండ్రి నన్నే అడిగాడు, "ప్రపంచంలో ఎక్కడైనా పెళ్ళికి రక్తపరీక్ష అడుగుతారా అమ్మా?"

ఆ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబుంది. సైప్రస్ అనే చిన్న ద్వీపదేశంలో 1983 నుంచి చర్చి పెళ్ళికి ముందు తలసేమియా పరీక్ష సర్టిఫికెట్ అడుగుతోంది. పెళ్ళి చేసుకోవచ్చు, కూడదు అని ఆ సర్టిఫికెట్ చెప్పదు. పరీక్ష చేయించుకున్నారని, విషయం తెలుసుకున్నారని మాత్రమే చెబుతుంది. ఇద్దరూ క్యారియర్లని తేలినవాళ్ళలో చాలామంది పెళ్ళి మానుకోలేదు. అయినా అక్కడ మేజర్‌తో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. ఆయన విన్నాడు. కానీ అప్పటికే అక్కాతమ్ముళ్ళు చెరో తలుపు వైపు నడిచారు. నిశ్చితార్థం ఆగిపోయింది. ఆ రోజు మరదలు నా గదిలోంచి వెళ్తూ వెనక్కి తిరిగి చూసిన చూపు నేను మర్చిపోలేదు. అప్పటినుంచి, ఎంత దూరం నుంచి వచ్చినా సరే, పెద్దవాళ్ళని మొదట బయటే కూర్చోబెడుతున్నాను.

ముసలావిడ పరీక్ష

రెండు వారాల తర్వాత జంట మాత్రమే వచ్చారు. ఈసారి వంశవృక్షం గీశాను. ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరు ఎప్పుడు, దేనివల్ల పోయారు అని మూడు తరాలు అడుగుతాం. అప్పుడు బావ అన్నాడు, "అమ్మకంటే ముందు అమ్మమ్మకి ఇద్దరు పుట్టి పోయారట." ఎలా పోయారని అడిగితే తెలియదన్నాడు. అక్కడే వీడియో కాల్ చేశాడు.

ముసలావిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. గొంతు గట్టిగా ఉంది. ఇద్దరూ మూడేళ్ళు నిండకుండానే పోయారని చెప్పింది. తెల్లగా పాలిపోయేవాళ్ళట, పొట్టలో బల్ల పెరిగిందట. బల్ల అంటే ప్లీహం వాపు. ఆ రోజుల్లో మంత్రాలు, వాతలు, పసర్లు అన్నీ చేయించారు. ఆమెది కూడా మేనరికమే, భర్త స్వయానా మేనబావ. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

ఆమె రక్తం నమూనా భీమవరంలో తీయించాం. హెచ్‌బీఏ2 5.2. ఆవిడా క్యారియరే. పోయిన ఆ పిల్లలకి పరీక్షల్లేవు కాబట్టి వాళ్ళది తలసేమియా మేజర్ అని నేను ఖాయంగా రాయలేను. కానీ ఆవిడ చెప్పిన లక్షణాలూ, మనవల రిపోర్టులూ కలిపి చూస్తే తాతగారూ క్యారియరే అయి ఉండాలి. అలా అయితే వాళ్ళిద్దరికీ పుట్టి బతికి బట్టకట్టిన ప్రతి బిడ్డా క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. వాళ్ళ నుంచి మనవడికో మనవరాలికో వచ్చే అవకాశం మూడింట ఒక వంతు. బావా మరదలూ ఇద్దరూ క్యారియర్లు అయ్యే అవకాశం తొమ్మిదింట ఒకటి. ముక్కూమొహం తెలియని ఇద్దరు పెళ్ళి చేసుకుంటే అది వేయింట ఒకటి చుట్టుపక్కల ఉంటుంది. మేనరికం జబ్బును పుట్టించదు. తాతల నాడే ఉన్నదాన్ని రెండు వైపుల నుంచీ మోసుకొచ్చి ఒకచోట కలుపుతుంది.

ఈ లెక్కలేవీ ఆవిడకి చెప్పలేదు. రిపోర్టు వచ్చాక ఫోన్‌లో ఒక్కటే చెప్పాను. "అమ్మా, ఇది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వస్తేనే బిడ్డకి జబ్బవుతుంది." కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "అయితే నా పాలు పడక కాదా?" మొదటి బిడ్డ పోయినప్పుడు అత్తగారు ఆ మాట అన్నారట. రెండో బిడ్డకి ఊళ్ళో ఇంకో బాలింత చేత పాలిప్పించారట. అయినా పోయాడు. "కాదమ్మా, మీ పాల వల్ల కాదు" అన్నాను. "అరవై ఏళ్ళు దాటింది తల్లీ" అని ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం ఆవిడ కొడుకునీ కూతుర్నీ పిలిపించి ఏం మాట్లాడిందో నాకు పూర్తిగా తెలియదు. ఆవిడ అన్నదాంట్లో బావ నాకు చెప్పింది ఒక్క మాటే: "ఇందులో నా తప్పు లేదని ఇప్పుడు తెలిసింది. ఆ పిల్లల తప్పు అంతకన్నా లేదు." అక్కాతమ్ముళ్ళు వారంలో రక్తపరీక్ష చేయించుకున్నారు. ఇద్దరూ క్యారియర్లే. నువ్వంటే నువ్వనుకోవడానికి ఇక ఏమీ మిగల్లేదు.

నిర్ణయం

విడిపోవడం, పెళ్ళి చేసుకుని పిల్లలు వద్దనుకోవడం, దత్తత, గర్భంలో పరీక్ష, ఐవీఎఫ్‌తో పిండాన్ని ముందే పరీక్షించడం, దాత అండం లేదా వీర్యం. దారులన్నీ చెప్పాను, ఏది మంచిదో చెప్పలేదు. అది మా వృత్తి నియమం. "మీరైతే ఏం చేస్తారు మేడమ్?" అని బావ అడిగాడు. ప్రతి జంటా అడుగుతుంది. నేను జవాబు చెప్పకుండా వాళ్ళిద్దరికీ చెరో కాగితం ఇచ్చి, గర్భంలో బిడ్డకి మేజర్ అని తేలితే ఏం చేస్తారో ఒకరికొకరు చూపించకుండా రాయమన్నాను.

మరదలు రాసింది: "ఆపేస్తాను. కానీ అత్త నన్ను ఒక్క మాట కూడా అనకూడదు."

బావ రాసింది: "తను ఏమంటే అది."

అది మంచి మాటలాగే ఉంటుంది. కానీ అలా అనడమంటే బరువంతా ఆమె నెత్తిన పెట్టడమేనని అతనితో చెప్పాను. అతను నొచ్చుకున్నాడు. మూడు వారాలు ఫోన్ లేదు. తర్వాత తెలిసింది, ఒక తలసేమియా కేంద్రానికి వెళ్ళి రక్తం ఎక్కించే వార్డులో పూటంతా కూర్చున్నాడట. సూది గుచ్చినా ఏడవకుండా హోంవర్క్ చేసుకుంటున్న పిల్లలతో, వాళ్ళ అమ్మలతో మాట్లాడాడట. తిరిగొచ్చి, "నేనూ ఆపేద్దామనే అంటాను. తను ఆ రోజు మనసు మార్చుకుంటే, ఆ బిడ్డని పెంచడానికి నేను సిద్ధమే" అన్నాడు. మరదలు అతని వైపు తిరిగి కూర్చుంది. వాళ్ళిద్దరూ నిజంగా పెళ్ళికి ఒప్పుకున్నది ఆ నిమిషంలోనేనని నేను నమ్ముతాను.

పెళ్ళికి ముందే ఇద్దరి డీఎన్‌ఏ పరీక్షా చేయించాం. ఇద్దరి జన్యువులోనూ ఒకే మార్పు, మనదేశంలో ఎక్కువగా కనిపించే ఐవీఎస్ 1-5. ఏ మార్పో ముందే తెలిస్తే గర్భం వచ్చాక హడావిడి ఉండదు. పెళ్ళి అన్నవరంలో, కొండ మీద, తెల్లవారుజాము ముహూర్తానికి జరిగింది. ముసలావిడ చక్రాల కుర్చీలో వచ్చింది. అర ఎకరం సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు.

తర్వాత

రెండో ఏడు గర్భం వచ్చింది. 12వ వారంలో మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. ఈ పరీక్ష వల్ల గర్భం పోయే ప్రమాదం అనుభవమున్న చేతుల్లో నూటికి ఒకటి లోపే. రిపోర్టు మేజర్ అని వచ్చింది. వాళ్ళు ముందు అనుకున్నట్టే చేశారు. ముందే అనుకున్నారు కదా అని బాధ ఏమీ తగ్గలేదు. మరదలు రెండు నెలలు బ్యాంకుకి వెళ్ళలేదు. మేనత్త వచ్చి ఇరవై రోజులుంది. వంట చేసింది, తలకి నూనె రాసింది, ఆ విషయం మాత్రం ఎత్తలేదు.

ఏడాదిన్నర తర్వాత రెండో గర్భం. బిడ్డ క్యారియర్ మాత్రమే అని వచ్చింది. ఆడా మగా అని పుట్టబోయే బిడ్డ తాతయ్య నన్ను ఫోన్‌లో అడిగాడు. ఆ రిపోర్టులో అది ఉండదని, 1994 చట్టం ప్రకారం చెప్పడం నేరమని చెప్పాను. జబ్బు తెలుసుకోవడానికి అదే చట్టం ఈ పరీక్షని అనుమతిస్తుందని కూడా చెప్పాను. గర్భంతో ఉన్నప్పుడు ఆమెకి ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. ఐరన్ మాత్రం ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) చూశాకే ఇచ్చారు. పాపకి ఇప్పుడు రెండో ఏడు. చెవులు కుట్టించారు.

పోయిన నెల మరదలు ఫోన్ చేసింది. వాళ్ళ తమ్ముడు కూడా క్యారియరే. అతనికి సంబంధం చూస్తున్నారు. బయటి సంబంధమే. జాతకాలు కలిశాక ఈమె హెచ్‌పీఎల్‌సీ మాట ఎత్తితే, "మా పిల్లకి ఏం తక్కువని రక్తం చూపించాలి?" అని అటువాళ్ళు ఫోన్ కట్ చేశారు. "ఎలా అడగాల్సింది మేడమ్?" అంది. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఎదుటివాళ్ళ పిల్ల గురించి అడిగేముందు మనవాడి గురించి చెప్పాలి అనుకున్నాం. చివరికి ఆమె వాట్సాప్‌లో ఇలా రాసి పంపింది:

"పిన్నిగారూ, మా తమ్ముడికి తలసేమియా మైనర్ ఉంది. జబ్బు కాదు, నాకూ ఉంది, మా పాపకీ ఉంది. రిపోర్టు పంపిస్తున్నాను. మీ అమ్మాయికి ఒక్కసారి ఇదే పరీక్ష చేయించండి. అమ్మాయికి ఉందని తేలినా మేం వెనక్కి పోం. అప్పుడు ఏం చేయాలో మాకు తెలుసు, చెబుతాం."

మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు, ఆ అమ్మాయే నేరుగా ఫోన్ చేసి, ఖాళీ కడుపుతో రావాలా అని అడిగిందట. అక్కర్లేదు.